చింతామణి - ఏమి కోరవలెను?

మానవుడు కోరికల పుట్ట. ఒక కోరిక తీరునంతలోనే దాని చోట మరి రెండు తల యెత్తును. అన్నము ఆకలిని తీర్చును గాని దుఃఖమును తీర్పజాలదు. ధనము అవసరములను తీర్చును గాని భయమును పోగొట్టజాలదు. లోకమునందలి ఏ వస్తువును అన్ని కోరికలను తీర్చునది కాదు. కాబట్టియే, తలచినదెల్ల నిచ్చు వస్తువొకటి ఎక్కడనో ఉండవలెనను భావన మానవహృదయమునందు చిరకాలముగా వేరూనియున్నది. మన పురాణములు ఆ భావనకు కల్పవృక్షము, కామధేనువు, చింతామణి అను మూడు రూపముల నిచ్చినవి. బౌద్ధులును జైనులును చింతామణిని తమ ధర్మములందు ఆదరించిరి. బౌద్ధముతో పాటు ఆ మణి హిమాలయములను దాటి టిబెట్టు, చైనా, జపాను దేశముల ఆలయములలో వెలసినది.

ఈ మణిని గూర్చిన విచారణ కేవలము పురాణకుతూహలము గాదు. ప్రతిదినము దేవుని యెదుట చేతులు జోడించు ప్రతి గృహస్థునకును ఎదురగు ప్రశ్న ఒకటి ఇందు ఇమిడియున్నది. భగవంతుని ఏమి కోరవలెను? అసలు కోరుటయే తప్పా? బిడ్డ జ్వరముతో మూలుగుచున్నప్పుడు, జీవనాధారము పోయినప్పుడు, అప్పులవాడు గుమ్మమున నిలిచినప్పుడు దేవుని అడుగుట నీచభక్తియా? అడిగినను ఈయనప్పుడు ఏమనుకొనవలెను? చింతామణికథలను ఈ ప్రశ్నలతో పరిశీలించినచో అవి మనకు మంచి పాఠములు కాగలవు.

పదము - భావము

సంస్కృతమున 'చింత' యనగా తలంపు. తలచినదానిని ఇచ్చు మణి కావున చింతామణి. తెలుగున మాత్రము 'చింత' యన్నంతనే మనకు ముందుగా స్ఫురించు అర్థము దిగులు. ఈ మణి చింతను తీర్చునదా, చింతను తెచ్చునదా యని తెలుగువాడు అడిగినచో అది వట్టి మాటల చమత్కారము గాదు. కథలను చూచిన రెండును నిజమేయని తోచును.

కోరిక లిచ్చు మూడింటికిని ఒక భేదము కలదు. కల్పవృక్షము ఒకచోట నాటుకొనియుండును. దాని నీడకు ఎవరైనను పోవచ్చును. కామధేనువు ప్రాణముగల జీవి. బలవంతముగా తోలుకొనిపోవ జూచిన విశ్వామిత్రుని అది ఎదిరించినది. మణియో, అరచేతిలో ఇమిడిపోవును. మెడలో ధరింపవచ్చును, పెట్టెలో దాచవచ్చును, దొంగిలింపవచ్చును. ఎవరి చేత చిక్కినను అది మారుమాట పలుకదు. కాబట్టియే మణికథలు తరచుగా 'నాది' యను భావమును గూర్చిన కథలైనవి. మనము పరుసవేది యని చెప్పుకొనునది వేరు. అది ఇనుమును బంగారము చేయును. దానికి తెలిసిన పని అదొక్కటియే. చింతామణికి అట్టి నియమము లేదు. ఎవడు ఏది తలచిన అదియే ఇచ్చును. ఇది దాని గొప్పదనము, ఇదియే దాని ప్రమాదము కూడ.

శ్యమంతకము చెప్పు పాఠము

ఆంధ్రదేశమున వినాయకచవితినాడు అక్షతలు చేతబట్టుకొని శ్యమంతకోపాఖ్యానమును వినని యిల్లు అరుదు. శ్యమంతకము పేరుకు చింతామణి కాకపోయినను దాని జాతికి చెందినదే. సత్రాజిత్తు సూర్యునివలన దానిని పొందెను. అది దినమునకు 8 బారువుల బంగారము నిచ్చునని భాగవత దశమస్కంధము చెప్పుచున్నది. పూజింపబడు చోట కరవును రోగమును ఉండవట! ఇట్టి మణి ఒకని యింట నుండుటకంటె యాదవరాజు వద్ద నుండుట మేలని శ్రీకృష్ణుడు సూచింపగా సత్రాజిత్తు అంగీకరింపలేదు.

తరువాత జరిగినదేమి? సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణిని ధరించి వేటకు పోయి సింహముచే చచ్చెను. సింహము జాంబవంతునిచే చచ్చెను. శ్రీకృష్ణునిమీద దొంగతనపు నింద పడెను. ఆ నింద తొలగుటకై ఆయన గుహలో జాంబవంతునితో 28 దినములు పోరాడవలసి వచ్చెను. మణి తిరిగి చేతికి వచ్చిన పిమ్మట సత్రాజిత్తు శతధన్వునిచే నిద్రలో చంపబడెను. శతధన్వుడు పారిపోవుచు మిథిల సమీపమున హతుడయ్యెను. మణి మాత్రము వాని వద్ద దొరకలేదు. ఆ మణివిషయమున బలరాముడు సైతము తమ్ముని మాటను శంకించెను! మణి బంగారమును మాట తప్పక ఇచ్చుచునే యుండెను. దానితోపాటు మూడు మరణములును, ఒక నిందయు, అన్నదమ్ముల నడుమ అనుమానమును సంభవించినవి.

ఈ కథలో మణివలన ఏ బాధయు లేనివాడెవడు? జాంబవంతుడు దానిని బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చెను. దానిమీద ఆతనికి ఆశ లేదు. శ్రీకృష్ణుడు రెండుసార్లు దానిని చేతికందియు విడిచిపెట్టెను. జాంబవంతుని గెలిచి తెచ్చినప్పుడు సభలో సత్రాజిత్తునకు ఇచ్చివేసెను. సత్రాజిత్తు పశ్చాత్తాపముతో కన్యను, మణిని సమర్పించినప్పుడు సత్యభామను స్వీకరించి మణిని స్వీకరింపకుండెను. చివరకు మణి అక్రూరుని వద్దనే నిలిచినది. ఇందులకు విష్ణుపురాణము చెప్పు కారణము గమనింపదగినది. శుచియై బ్రహ్మచర్యము పాటించువాని వద్దనే అది శుభము నిచ్చును, తక్కినవారికి నాశహేతువగును. అనగా మణి మంచిదియు గాదు, చెడ్డదియు గాదు. పట్టుకొన్న చేయి ఎట్టిదో దాని ఫలము అట్టిది.

కపిలుడు తిరిగి తీసికొనని మణి

మహారాష్ట్రమున పుణె నగరమునకు సమీపముననున్న థేవూరు గ్రామము అష్టవినాయకక్షేత్రములలో ఒకటి. అచ్చటి స్వామి పేరు చింతామణి. ఆ స్థలపురాణములో కపిలమహర్షి వద్ద చింతామణి యుండెను. గణుడను రాజకుమారుడు ఆశ్రమమునకు అతిథిగా వచ్చెను. మణిమహిమచే మహర్షి పెట్టిన విందును ఆరగించి, అన్నము పెట్టిన ఆ మణినే బలాత్కారముగా అపహరించెను. మహర్షి ప్రార్థింపగా గణపతి ఆతని జయించి మణిని తెచ్చి యిచ్చెను. కపిలుడు దానిని తిరిగి ఉంచుకొనలేదు. స్వామి మెడలోనే అలంకరించెను. అప్పటినుండి దేవునికే చింతామణి యను పేరు కలిగినది.

ఈ కథలో సూక్ష్మమైన మలుపు ఒకటి యున్నది. మొదట ఋషి కోరినది పోయిన వస్తువును. దేవుడు ఎదుట నిలిచిన తరువాత ఆ వస్తువు చిన్నదైపోయినది. అడిగినదానిని అందుకొని, ఇచ్చినవానికే తిరిగి సమర్పించెను. మన ప్రార్థనలు పెక్కు వస్తువు కొరకే మొదలగును. అందులో తప్పు లేదు. వస్తువు చేతికి వచ్చిన పిమ్మట ఇచ్చినవానివైపు చూచుచున్నామా, వస్తువువైపు చూచుచున్నామా యనునదే పరీక్ష.

ఈ థేవూరుననే 1772వ సంవత్సరమున పీష్వా మొదటి మాధవరావు క్షయరోగముతో దేహము చాలించెను. ఆయన ఆ స్వామికి భక్తుడు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరములు మాత్రమే. చింతామణి యను పేరుగల దేవుని సన్నిధిలోనే మరణము వచ్చినది గదా! దీనిని మరువరాదు. కోరిన ప్రతిదియు జరుగును అను మాటగా మాత్రమే చింతామణిని గ్రహించినచో ఈ ఒక్క సంఘటన యెదుటనే మన విశ్వాసము కూలిపోవును. కావున మరికొంత లోతునకు పోవలెను.

తలంపే మణి

భగవాన్ శ్రీరామకృష్ణులు చెప్పిన ఒక కథ కలదు. బాటసారి యొకడు అలసి ఒక చెట్టు క్రింద కూర్చుండెను. అది కల్పవృక్షమని వాడెరుగడు. మెత్తని పడక యుండిన బాగుండునని తలచెను, పడక వచ్చెను. ఒక పడుచు పాదములొత్తిన బాగుండునని తలచెను, అదియు జరిగెను. ఆకలియని తలచినంతనే భోజనము వచ్చెను. అంతలో, ఒకవేళ పులి వచ్చినచో ఏమగునని తలచెను. పులి వచ్చెను, వానిని చంపెను.

బాటసారి పులిని కోరలేదు, భయపడెను. వృక్షమునకు కోరికకును భయమునకును భేదము తెలియదు. మన మనస్సునకును తెలియదు. మనము దేనిని పదే పదే చింతింతుమో దానియందే మన శక్తి ప్రవహించును. దాని రూపమునే మన జీవితము ధరించును. ద్వేషించువానిని రేయింబవళ్లు తలచువాడు వానిని తన మనస్సులో పోషించుచున్నాడు. రాబోవు నష్టమును గూర్చి నిత్యము చింతించువాడు నష్టము రాకమునుపే దరిద్రుడైనాడు. తలచినదానిని ఇచ్చు మణి ఎక్కడనో సముద్రగర్భమున నుండనక్కరలేదు. మన చిత్తమే ఆ మణి. అది ప్రతివానికిని పుట్టుకతోనే ఈయబడినది. దానిని ఏమి అడుగుచున్నామో మనకే తెలియకుండుట మన దౌర్భాగ్యము.

కావుననే శాస్త్రములు మణిని సంపాదింపుమని చెప్పవు. తలంపును శుద్ధిచేసికొనుమని చెప్పును. పతంజలి యోగసూత్రములలో ఒక విచిత్రమైన మాట యున్నది. పరధనమునందు ఆశ పూర్తిగా నశించిన యోగికి సకలరత్నములును వచ్చి చేరునని దాని భావము. ఆశ పోయిన పిమ్మట రత్నములెందులకు? అవసరము లేనివానియొద్దనే అవి క్షేమముగా నుండును. శ్యమంతకకథ చెప్పినదియు ఇదే.

దుస్తులలో కుట్టిన రత్నము

మణి బయట లేదు, లోననే యున్నదను భావమును వేర్వేరు మతములు వేర్వేరు ఉపమానములతో చెప్పినవి. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయమున, పొలము క్రింద నిధి యున్నదని తెలియనివారు ఆ నేలమీదనే నిత్యము తిరుగుచున్నను దానిని పొందజాలరని చెప్పి, జీవులును అట్లే ప్రతిదినము సుషుప్తిలో బ్రహ్మమును చేరుచున్నను ఎరుగకున్నారని బోధించినది.

మహాయానబౌద్ధుల సద్ధర్మపుండరీకసూత్రమునందు ఇట్టిదే ఒక కథ కలదు. ఒకడు స్నేహితుని యింట త్రాగి నిద్రించెను. స్నేహితుడు పనిమీద పోవుచు వాని వస్త్రపు అంచులోపల అమూల్యమైన రత్నమును కుట్టి పోయెను. వాడు లేచి, ఆ సంగతి తెలియక, పరదేశములు పట్టి పిడికెడు కూటికై కష్టపడెను. చాలకాలమునకు స్నేహితుడు వానిని కలిసికొని, నీ దుస్తులలోనే యుండగా ఈ దారిద్ర్యమేమి యని మందలించి చూపెను. కుమారజీవుడు క్రీ. శ. 406లో ఈ సూత్రమును చీనాభాషలోనికి అనువదించినప్పటినుండి తూర్పుదేశములందు ఈ కథ ఎందరకో ఊరటయైనది.

మన పురాణములు ఈ భావమునే విష్ణువు వక్షఃస్థలమున నిలిపినవి. క్షీరసాగరమును మథించినప్పుడు పుట్టిన కౌస్తుభమణి జీవచైతన్యమునకు ప్రతీక యని విష్ణుపురాణమును, భాగవత ద్వాదశస్కంధమును వివరించుచున్నవి. నిర్మలమైన ఆత్మయే ఆ మణి. మనము మణికై వెదకుచున్నాము. భగవంతుడో మనలనే మణిగా హృదయమున ధరించియున్నాడు! ఈ ఒక్క భావమును ధ్యానించినను చాలును. దేవుని వద్దకు బిచ్చగానివలె పోవు మనము ఆయనకు ఆభరణములమట. దారిద్ర్యము మన స్వభావము గాదు; మన మరపు.

మణియగుట

ఇంతవరకు మణిని పొందుటను గూర్చి చెప్పుకొంటిమి. బౌద్ధధర్మము ఇంకొక మెట్టు ఎక్కినది. ఎనిమిదవ శతాబ్దమునకు చెందిన శాంతిదేవుడు తన బోధిచర్యావతారమున, సర్వప్రాణులకును తానే చింతామణి కావలెననియు, కామధేనువును కల్పవృక్షమును కావలెననియు, రోగులకు ఔషధము కావలెననియు ప్రార్థించెను. కోరిక లిచ్చు మణి నాకు దొరకవలెనను చోట, ఇతరుల అవసరమునకు నేనే మణి కావలెను అను ప్రార్థన నిలిచినది. 'నాకు' అను ఒక్క మాట మారినంతనే కోరిక యొక్క విషము హరించినది.

ఈ భావమునకు శిల్పులు రూపమిచ్చిరి. చైనా, జపాను దేశములలో క్షితిగర్భబోధిసత్త్వుని సామాన్యముగా ముండితశిరస్కుడైన భిక్షువుగా మలచుదురు. ఒక చేత దండము, ఒక చేత చింతామణి. నరకములు శూన్యమగువరకు తనకు బుద్ధత్వము వలదని ఆయన ప్రతిజ్ఞ. చూడుడు, సకలసంపదల నిచ్చు మణి ఎవరి చేతిలో నున్నది? ఇల్లు వాకిలి లేని సన్న్యాసి చేతిలో! జపానునందు దారిప్రక్కలను, శ్మశానములందును ఆయన విగ్రహములు కానవచ్చును. బిడ్డలను కోల్పోయిన తల్లులు ఆయననే శరణు జొత్తురు. పోయిన బిడ్డ తిరిగి రాడని ఆ తల్లులకు తెలియును. ఆ బిడ్డకు తోడుగా కరుణామయుడొకడు కలడను ధైర్యమును ఆ మణి వారికిచ్చుచున్నది. అవలోకితేశ్వరునకును చింతామణిచక్రుడను ఒక రూపము కలదు. జపానులో ఒసాకా ప్రాంతపు కన్షిన్‌జీ ఆలయమునందు తొమ్మిదవ శతాబ్దపు దారువిగ్రహమొకటి యున్నది. ఆరు భుజములలో ఒక చేయి చెంపకు చేర్చి, లోకదుఃఖమును గూర్చి ఆలోచించుచున్నట్లు ఆ మూర్తి కూర్చుండును. 'చింత' యను మాటకు ఇంతకంటె మంచి అర్థమేమి కావలెను? పరుల బాధను గూర్చిన చింతయే ఆ మూర్తిలోని మణి.

మన ఆంధ్రదేశముతో గాఢమైన సంబంధముగల ఆచార్య నాగార్జునుడు శాతవాహనరాజునకు వ్రాసినదిగా ప్రసిద్ధమైన సుహృల్లేఖలో, ధనములన్నిటిలో సంతోషము, అనగా ఉన్నదానితో తృప్తి, ఉత్తమధనమని ఉపదేశించెను. రాజునకు వ్రాసిన ఉత్తరమున ఈ మాట చెప్పుట విశేషము. కోశాగారము నిండియున్నవానికే ఈ రత్నము మొదట అవసరము.

జైనులు తీర్థంకరుడైన పార్శ్వనాథుని చింతామణి పార్శ్వనాథుడని కొలుతురు. తమిళ పంచమహాకావ్యములలో ఒకటియైన జీవకచింతామణిని రచించిన తిరుత్తక్కదేవరు జైనముని. ఆ కావ్యమున జీవకుడు ఎనమండ్రు కన్యలను వివాహమాడి, పోయిన రాజ్యమును గెలిచి, లోకమున కోరదగినవన్నియు అనుభవించి, తుదకు వానినన్నిటిని విడిచి సన్న్యసించును. జైనపురాణములలో మరియొక భావన గలదు. ఆదికాలమున పదివిధముల కల్పవృక్షములు మనుష్యులకు సర్వమును ఇచ్చుచుండెడివట. కాలక్రమమున అవి క్షీణింపగా, ఋషభదేవుడు జనులకు కృషి, వాణిజ్యము, శిల్పము మొదలగు వృత్తులను నేర్పెనట. కల్పవృక్షము లేని లోకమున చేతులు పనిచేయవలెను. శ్రమవలన లభింపగల దానిని శ్రమింపక దేవుని అడుగుట ప్రార్థన గాదు, సోమరితనము.

గోడరాళ్లయిన చింతామణులు

దేవీభాగవత ద్వాదశస్కంధము జగన్మాత నివసించు మణిద్వీపమును విస్తారముగా వర్ణించినది. ప్రాకారముపై ప్రాకారము, ఇనుము, కంచు, రాగి మొదలుకొని నవరత్నములవరకు. వానినన్నిటిని దాటినపిమ్మట అమ్మ నివసించు చింతామణిగృహము. శంకరభగవత్పాదుల రచనగా ప్రసిద్ధమైన సౌందర్యలహరియు ఈ గృహమును స్మరించినది. ఒక్క చింతామణికై ప్రాణములు తీసికొను ఈ లోకమును తలచుకొని ఆ గృహమును భావింపుడు. అచ్చట చింతామణులు గోడకు పేర్చిన రాళ్లు మాత్రమే! ఆ గడప దాటినవాడు గోడలను గీకుచు నిలుచునా? లోపల తల్లి కూర్చుండియున్నదే!

వైష్ణవసంప్రదాయమునందును ఇట్టి కథ ప్రచారమున నున్నది. బృందావనమున సనాతనగోస్వామి వద్దకు ధనార్థియైన బ్రాహ్మణుడొకడు వచ్చెను. గోస్వామి తాను ఎన్నడో ఇసుకలో పూడ్చి మరచిన స్పర్శమణిని తీసికొమ్మనెను. బ్రాహ్మణుడు దానిని తీసికొని, పరీక్షించి, బంగారమును కన్నులార చూచి, యమునయొడ్డున ఆలోచనలో పడెను. ఈ మణిని మట్టిపాలు చేయగలిగినవాని వద్ద ఇంతకంటె గొప్పది ఏమున్నదో! తుదకు మణిని నదిలో విసరి, ఆ గొప్పదానినే ఇమ్మని గోస్వామి పాదములపై పడెను. మన త్యాగరాజస్వామియు తన కల్యాణిరాగకృతిలో నిధికిని శ్రీరామసన్నిధికిని మధ్య ఇదే ప్రశ్నను తన మనస్సునకు వేసికొనెను.

దక్షిణేశ్వరమున ఒక రాత్రి

ఈ పాఠము పురాణకాలమునకే చెందినది గాదు. 1884లో నరేంద్రనాథుని తండ్రి విశ్వనాథదత్తు హఠాత్తుగా మరణించెను. సుఖముగా బ్రతికిన కుటుంబము అప్పులపాలై, ఇంట అన్నమునకు కరవు వచ్చెను. ఉద్యోగమునకై కాళ్లరిగినట్లు తిరిగినను లాభము లేదు. తల్లి, తమ్ముల ఆకలి చూడజాలక నరేంద్రుడు, మీరైన జగన్మాతకు చెప్పి మా కష్టము తీర్పుమని శ్రీగురుదేవులను ప్రార్థించెను. ఆయన, అది మంగళవారము కావున ఆ రాత్రి నీవే అమ్మ గుడికి పోయి అడుగుము, ఏమి అడిగిన అది ఇచ్చునని పంపిరి.

నరేంద్రుడు చింతామణి యెదుటనే నిలిచియున్నాడు. కోరిక స్పష్టము, అవసరము నిజము, ఇచ్చునను మాట గురువుది. అయినను కాళికాలయమున అమ్మ చిన్మయియై కనిపింపగా, ఆయన నోట వచ్చిన కోరిక వివేకవైరాగ్యములును జ్ఞానభక్తులును మాత్రమే. గురుదేవులు మరల పంపిరి; మరల అదే కోరెను. మూడవసారి అడుగవలసినది గుర్తుండియు, అంతటి తల్లిని ఇంత అల్పమైనదానిని ఎట్లు అడుగుదునని సిగ్గుపడి వచ్చెను. తుదకు నరేంద్రుడు పట్టుబట్టగా, వారి కుటుంబమునకు సామాన్యమైన అన్నవస్త్రములకు ఎన్నడును లోటుండదని శ్రీరామకృష్ణులు అభయమిచ్చిరి.

ఇచ్చట రెండు విషయములు గమనింపవలెను. ఆకలిని గురుదేవులు తృణీకరింపలేదు. ఆకలిగొన్నవానిని వేదాంతము చెప్పి పంపక, అమ్మను అడుగుమనిరి; తుదకు ఆ అవసరమునకు తామే పూచీపడిరి. రెండవది, నరేంద్రుడు కోరికను బలవంతముగా అణచుకొనలేదు. తల్లి సన్నిధిలో ఆ కోరిక దానంతట అదియే చిన్నదైపోయినది. కపిలుని విషయమున చూచినది ఇదియే గదా!

మరి రెండేండ్లకు, 1886 జనవరి 1వ తేదీన, కాశీపురపు తోటలో కంఠరోగముతో కృశించియున్న శ్రీరామకృష్ణులు మేడ దిగివచ్చి, అచ్చట చేరిన సుమారు ముప్పదిమంది గృహస్థభక్తులకు చైతన్యము కలుగుగాక యని ఆశీర్వదించిరి. ఆ దినమున గురుదేవులు కల్పతరువైరని రామచంద్రదత్తాదులు చెప్పిరి. నేటికిని ప్రతి సంవత్సరము ఆ దినమును కల్పతరుదినమని జరుపుకొందురు. స్వామి శారదానందులు తమ లీలాప్రసంగమున ఈ పేరును జాగ్రత్తతో విమర్శించిరి. కల్పతరువు మంచిని కోరిన మంచిని, చెడును కోరిన చెడును ఇచ్చును. గురుదేవులు ఆనాడు ఇచ్చినది అభయము. కావున దానిని అభయదానమనుట ఎక్కువ తగును అని వారి ఆశయము. ఈ సూక్ష్మభేదమే మన ప్రశ్నకు సమాధానము. మణి మనము కోరినదానిని ఇచ్చును. భగవంతుడు మనకు కావలసినదానిని ఇచ్చును. మణికి మన మాట మాత్రమే వినబడును. తల్లికి మనమే తెలియుదుము. పులిని తలచిన బిడ్డకు తల్లి పులిని ఈయదు.

సాధకునకు

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. దేవుని కోరుట తప్పా? కాదు. గీత యేడవ అధ్యాయమున భగవానుడు తన్ను భజించువారిని ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని యని నాలుగు తెగలుగా చెప్పి, అందరును ఉదారులేయని పలికెను. కష్టములో పిలుచువాడును, ధనమునకై పిలుచువాడును ఆయనకు పరాయివారు గారు. కఠోపనిషత్తున నచికేతుడు యముని కోరిన మొదటి వరము ఆత్మజ్ఞానము గాదు. తండ్రి కోపము శాంతింపవలెనని కోరెను. ఇంటి దుఃఖమును ముందు విన్నవించుకొని, మూడవ వరముగా ఆత్మతత్త్వమునడిగి, యముడు ఎరజూపిన ధనమును నిరాకరించెను. క్రమము అదియే. కావున బిడ్డ జ్వరముతో నున్న తల్లి సంకోచింపక అడుగవచ్చును. వైద్యుని పిలుచుటయు మానరాదు.

అడుగునప్పుడు మూడు విషయములను గుర్తుంచుకొనవలెను. ఒకటి: నేను కోరునది నా శ్రమచే సాధింపదగినదా? ఐనచో దానిని కోరక, శ్రమించు శక్తిని కోరవలెను. రెండు: ఇది దొరకుటవలన మరియొకనికి హాని కలుగునా? ఐనచో అది పులిని తలచుటయే. మూడు: ఇది దొరకకున్నను నేను దేవుని యెదుట నిలువగలనా? ఈ మూడవదే కఠినము. థేవూరున ప్రాణము విడిచిన యువకుడైన పీష్వాను తలచుకొనుడు. రోగము కుదురలేదు; ఐనను తుదిదినములందు ఆయన ఆశ్రయించినది ఆ సన్నిధినే. అడిగినది దొరకనప్పుడు కూడ వదలని ఆశ్రయమే నిజమైన చింతామణి. అది పోవునది గాదు, దొంగలకు చిక్కునది గాదు.

పరుసవేది తాకిన ఖడ్గము బంగారమగును. కత్తి రూపము మిగిలియున్నను అది ఎవరిని హింసింపజాలదని శ్రీరామకృష్ణులు చెప్పుచుండిరి. భగవంతుని తాకిన కోరికయు అట్టిదే. ఇల్లు, బిడ్డలు, వృత్తి అన్నియు అట్లే యుండును. వానియందలి వాడిమి మాత్రము పోవును. కావున రేపటి పూజలో కోరికల జాబితాను చదువుటకు ముందు ఒక్క నిముసము ఊరక కూర్చుండి, ఎవరి యెదుట కూర్చుంటిమో తలచుకొందము. పిదప ఏ కోరిక మిగులునో దానిని నిస్సంకోచముగా విన్నవింతము. ఆ తల్లి మన తలంపులను శుద్ధిచేసి, ఇతరుల అక్కరకు మనలనే చిన్న చిన్న మణులుగా మలచుగాక!